ఇంకో కాగితం

“ఇంకో కాగితం అతికించు బాబూ.”

ఇంజనీరు తలెత్తాడు. గుమ్మంలో ఎవరో ముసలాయన. నిలువునా తడిసిపోయి ఉన్నాడు.

“ఎవరండీ మీరు? లోపలికి ఎవరు రానిచ్చారు?”

ముసలాయన బల్ల మీదున్న గ్రాఫు కాగితాన్నే చూస్తున్నాడు. దాని మీద రెండు గీతలు.

కింది గీత జలాశయంలో నీటిమట్టం. గంటకు అరడుగు లేస్తోంది.

పై గీత కట్ట ఎత్తు. కూలీలు ఇసుక బస్తాలు ఎంత పేర్చినా గంటకు పావు అడుగే లేస్తోంది.

కట్ట కింద నలభై ఇళ్లున్నాయి. వాటిని ఖాళీ చేయించాలా వద్దా అన్నది ఆ గీతలే చెప్పాలి.

“చూశారుగా, కలవలేదు. సాయంత్రం ఆరింటికి కూడా మూడడుగుల ఎడముంది,” అన్నాడు ఇంజనీరు.

“ఆరింటికి అయిపోయింది కాగితం బాబూ. వాన కాదు.”

పక్కనే ఉన్న మేస్త్రి కిసుక్కున నవ్వాడు. “పెద్దాయనకి లెక్కలు బాగానే వంటబట్టాయి సార్!”

ముసలాయన ఇంకో కాగితం తీసుకుని, జిగురు రాసి పక్కనే అతికించాడు. స్కేలు పెట్టి రెండు గీతల్నీ పొడిగించాడు. అవి కలిసిన చోట చుక్క పెట్టి, అలవాటు కొద్దీ మూలన సంతకం గీకేశాడు.

“రేపు పొద్దున ఆరు. ఇవాళే ఖాళీ చేయించు. నీ కాళ్లు పట్టుకుంటాను.”

“ఈ వానలో పిల్లాజెల్లాని రోడ్డున పడేయమంటారా? తీరా వాన వెలిస్తే అందరూ నా మొహాన ఉమ్మేస్తారు. మేస్త్రీ, ఈయన్ని బయటికి పంపించు.”

మేస్త్రి జబ్బ పట్టుకుని బయటికి నడిపించాడు. కాగితాన్ని ఇంజనీరు సొరుగులో పడేశాడు.

వాన వెలవలేదు.

పొద్దున ఆరు దాటి పది నిమిషాలకు నీళ్లు కట్ట మీంచి దూకాయి.

ముసలాయన ఇల్లిల్లూ తిరిగి తలుపులు బాదాడట. పదకొండు ఇళ్లవాళ్లు తిట్టుకుంటూనే మూటలు సర్దుకుని వెళ్లారు. వాళ్లే మిగిలారు. మొండికేసిన వాళ్ల దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లాడట. పన్నెండో ఇంటి గుమ్మంలో శవమై దొరికాడు.

“ఎవరో మతిలేనివాడనుకున్నాం సార్,” అని మేస్త్రి భోరుమన్నాడు.

విచారణ వాళ్లు పాత వరద ఫైలు అడిగారు. ఇరవై రెండేళ్ల కిందట కూడా ఇదే కట్ట మునిగింది, ఇవే ఇళ్లు కొట్టుకుపోయాయి.

ఇంజనీరు దుమ్ము దులిపి ఫైలు విప్పాడు. లోపల ఒక గ్రాఫు కాగితం. రెండు గీతలు అంచు దాకా వచ్చి, కలవకుండానే ఆగిపోయాయి. కింద అప్పటి ఇంజనీరు చేతిరాత.

“గీతలు కలవలేదు. ఖాళీ చేయించనక్కర్లేదు.”

ఇంజనీరు సొరుగులోని కాగితం తీసి దాని పక్కన పెట్టాడు.

రెండింటి మీదా సంతకం ఒక్కటే.