ఆ నంబరుకు ఫోన్ చెయ్యి

పిల్లలంతా ఇంట్లోవాళ్ల ఫోన్లు పట్టుకొచ్చారు. వాటికొచ్చే మెసేజుల్లో ఏది నిజమో, ఏది పుకారో తేల్చడమే ఆరోజు పాఠం. కంప్యూటర్ గది చేపల బజారులా ఉంది.

వెనక వరుసలో మొరాయించిన కంప్యూటరుతో కుస్తీ పడుతోంది టీచరు.

"టీచర్, మా అమ్మకొచ్చిన ఈ మెసేజ్ ఐదేళ్ల కిందటిది. అబద్ధమని కొట్టెయ్యనా?" ముందు బెంచీలోంచి అరిచింది క్లాసు లీడరు.

"పాతదైతే అబద్ధమైపోతుందా తల్లీ?" టీచరు తల తిప్పలేదు. "అందులో నంబరేమైనా ఉందా? ఉంటే ఫోన్ చెయ్యి. పెట్టినవాళ్లనే అడగాలి."

"ఇన్నేళ్లకి ఎవరెత్తుతారు టీచర్?"

"చేస్తే కదా తెలిసేది!"

కాసేపటికి టీచరు సంచిలో ఫోన్ మోగింది. పిల్లలు ముసిముసిగా నవ్వుకున్నారు. లోన్లు అంటగట్టేవాళ్లు చేసినా, రాంగ్ నంబరైనా, పాఠం ఆపి మరీ ఎత్తుతుందావిడ.

తెలియని నంబరు. టీచరు గబగబా చెవిన పెట్టుకుంది.

"చెప్పండి... మా బాబు కనిపించాడా?"

"నేనే టీచర్... ముందు బెంచీలోంచి," అని ఓ ఏడుపు గొంతు ఫోన్‌లోనూ, గదిలోనూ ఒక్కసారే వినిపించింది.