అధ్యక్షులవారి చేప

నదీ పరిరక్షణ సంఘం అధ్యక్షుడు సభ నుంచి ఉబ్బితబ్బిబ్బవుతూ ఇంటికి వచ్చాడు. "విదేశీ చేప ఒక్కటి వదిలినా నదికి ద్రోహం చేసినట్టే" అన్నప్పుడు చప్పట్లు మోగిపోయాయట. ఆ మాటే భార్యకు తిప్పి తిప్పి చెప్పాడు.

తర్వాత హాల్లోని గాజుతొట్టి ముందు ఆగాడు. షోకుగా తెచ్చిపెట్టిన విదేశీ చేప మూరెడు పెరిగి, తొట్టిలోని మిగతా చేపలన్నిటినీ మింగేసింది.

"సాయంత్రం దీన్ని బకెట్లో తీసుకెళ్లి నదిలో వదిలేయ్. చంపితే పాపం."

"ఇప్పుడేగా చప్పట్లు కొట్టించుకొచ్చారు?"

"అది జనానికి చెప్పే మాటే! మనది ఒక్క చేపేగా, అంత నదికి ఏమవుతుంది?"

ఆమె అన్నయ్య ఆ నదిలోనే చేపలు పట్టి బతుకుతాడు. కొంతకాలంగా అతని వలలో ఇలా ఎవరెవరో వదిలేసిన రాకాసి చేపలే పడుతున్నాయి. పాత చేపల జాడే లేదు. ఆ గోడు మొగుడికి ఎన్నిసార్లు చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఆమె బకెట్ అందుకుంది.

భోజనాల దగ్గర అతను అడిగాడు. "వదిలేశావా?"

"పీడ వదిలింది."

"చూశావా, ఎంత తేలికో!" అంటూ చేప కూర మళ్లీ వేయించుకున్నాడు. "కూర అదిరింది. చేప మీ అన్నయ్య పంపాడా?"

"లేదండీ. మన హాల్లోదే."

అతని చెయ్యి నోటి దగ్గరే ఆగిపోయింది.

"ఆపకండి, తినండి" అంది ఆమె, ఇంకో ముక్క వడ్డిస్తూ. "అధ్యక్షులయ్యాక నదికి మీరు చేసిన మొదటి మేలు ఇదే."