లావు పుస్తకం

"దండలొద్దు, పుస్తకాలు తెండి" అని మా ఊరి నాయకుడు చెప్పినప్పటి నుంచి నా పుస్తకాల అంగడికి గిరాకీ పెరిగింది. జనం కొని ఆయనకిస్తారు. అక్కర్లేని ఆ పుస్తకాలనే ఆయన డ్రైవరు తిప్పేస్వామి మళ్లీ నాకు అమ్ముతాడు.

ఈరోజు తెచ్చిన మూటలో లావు పుస్తకమొకటి తెరిచాను. అంచులు తప్ప లోపలంతా చెదపురుగులు, మన్ను.

"ఏమప్పా ఇది?"

"గొర్రెల దొడ్లో పడేసినారన్నా. ఎవురు తెరిచి చూస్తారులే!"

థూ అని ఉమ్మి, దాన్ని బయటికి విసిరేశాను.

నాయకుణ్ణి బదిలీ అడగడానికి గుమ్మఘట్ట నుంచి వచ్చిన తెలుగు సారు దాన్నే ఏరుకున్నాడు.

"ఇదియ్యప్పా. ఫొటోలో నిండుగా కనపడతాది."

"లోపలంతా చెదలు తినేసినాయి సార్."

"అయితే సగం ధరకియ్యి."

మన్ను దులిపి, రంగుకాగితం చుట్టి ఇచ్చాను. వారంలో ఎటూ నా అంగడికే వస్తుంది.