మారుమనిషి

"నౌకలో ఎవరి పేరు వాళ్లదే, ఎవరి బతుకు వాళ్లదే. కొత్త వేషాలేం లేవు," అన్నాడు శశాంక్, చీటీల డబ్బా ఊపుతూ.

శుక్రవారం మధ్యాహ్నం. బర్ దుబాయ్‌లో శశాంక్ ఫ్లాట్. బిర్యానీ తిన్న బల్లనే తుడిచి, దాని మీద అంతరిక్ష నౌక పటం పరిచారు. నలుపు తెలుపు టీవీల కాలం నాటి ఏదో ఇంగ్లిష్ సీరియల్‌ని ఆటగా మార్చి అచ్చేసిన పుస్తకం ఒకటి శశాంక్‌కి దొరికింది. అప్పట్నుంచి ఆఫీసులో కనబడ్డవాళ్లనల్లా ఇంటికి లాక్కొచ్చి ఆడిస్తున్నాడు.

ఈ వారం వంతు స్టోర్ కీపర్‌ది. జెబెల్ అలీ గోడౌన్ నుంచి సరాసరి గదికి, గది నుంచి గోడౌన్‌కి తిరిగే మనిషి. ఒకరింటికి భోజనానికి రావడం అతనికి ఇదే మొదలు. ఎందుకు ఒప్పుకున్నానా అని వచ్చిన దగ్గర్నుంచీ అనుకుంటూనే ఉన్నాడు.

"కథ ఏంటంటే," అన్నాడు శశాంక్, "నౌకలోకి ఏదో దూరింది. మనలో ఒకర్ని మింగేసి, వాళ్ల రూపంలోనే మన మధ్య తిరుగుతోంది. అదే మారుమనిషి. డబ్బాలో ఒకటి మారుమనిషి చీటీ, మిగతావి మనిషి చీటీలు. మారుమనిషి చీటీ వచ్చినవాళ్లు ఒక్క అబద్ధమైనా చెప్పాలి. మిగతావాళ్లు పట్టుకోవాలి. పట్టుకుంటే తలుపు తీసి బయటికి తోసేస్తాం."

"బయట ఏముంటుంది?" అని అడిగాడు అతను.

"ఏమీ ఉండదు. గాలి కూడా."

"అంటే వీసా క్యాన్సిల్," అన్నాడు ఇర్షాద్. అందరూ నవ్వారు. ఇర్షాద్ వాళ్ల కంపెనీకి మందూబ్. వీసాల పనులన్నీ అతనే చూస్తాడు. అందరి పాస్‌పోర్టులూ అతని బీరువాలోనే ఉంటాయి.

శశాంక్ ఆట నడిపించేవాడు కాబట్టి అతనికి చీటీ లేదు. శశాంక్ భార్య కాత్యాయని ఒకటి తీసింది. ఇర్షాద్ ఒకటి తీశాడు. మిగిలింది అతనిది. విప్పి చూసుకున్నాడు. మళ్లీ మడిచి గుప్పిట్లో పెట్టుకున్నాడు.

బయటపడకూడదు. అంతే.

భయం ఎక్కడినుంచో రాదు. లోపలే ఒక మూల కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటుంది. ఎవరో ఏదో అడుగుతారు. అది లేచి నిలబడుతుంది. ఇప్పుడు నిలబడింది.

పాచిక వేశారు. తక్కువ పడినవాళ్లు బోనెక్కాలి. మొదట కాత్యాయని ఎక్కింది.

"పెళ్లిచూపుల్లో నేను చెప్పిన మొదటి అబద్ధమేంటి?" అన్నాడు శశాంక్.

"వంటొచ్చని."

"మనిషే. ఇది మా ఆవిడే," అన్నాడు శశాంక్ దిగులుగా.

రెండోసారి పాచిక అతని ముందు దొర్లి ఆగింది. మూడు.

"రండి మురళీ భాయ్," అని ఇర్షాద్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "పేరు?"

"మురళీ."

"నాయన పేరు?"

"వెంకటరత్నం."

"ఊరు?"

"అమలాపురం."

"పుట్టినరోజు?"

"జూలై ఒకటి. డెబ్భై రెండు."

"కరెక్టే. నా బీరువాలో ఉండేది కూడా ఇదే."

అతను మెల్లగా ఊపిరి వదిలాడు.

"ఆగండాగండి," అంది కాత్యాయని. "జూలై ఒకటంటే బళ్లో మాస్టారు వేసేసిన తేదీ. మా ఆయనదీ అదే. సర్టిఫికెట్ తేదీ కాదండీ, అసలుది చెప్పండి. మీ అమ్మగారు చెప్పేది."

మిగతావన్నీ నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఇది ఎవరూ ఎప్పుడూ అడగలేదు. అమ్మ అనగానే మాత్రం ఎక్కడో ఒక పొయ్యి వెలిగింది. ఆవిరి వాసన వచ్చింది. నోరు తనంతట తానే కదిలింది.

"వినాయక చవితి నాడండీ. అమ్మ ఉండ్రాళ్లు చేస్తుంటే నొప్పులొచ్చాయట. ఆ పిండి చేతులతోనే కన్నానంటుంది. అందుకే నాకా పేరు పెట్టారు."



"ఏ పేరు?" అంది కాత్యాయని.

అతను గుప్పిట్లోని చీటీని ఇంకో మడత పెట్టాడు.

"చవితి నాడు పుడితే మురళీ అని పెట్టారా? కృష్ణాష్టమికి పుడితే పెట్టాలి గానీ!"

"దొరికినాడు!" ఇర్షాద్ బల్ల మీద చరిచాడు. "యల్లా, తలుపు తీయండి!"

"అది కాదండీ... మా తాత పేరు..." అన్నాడు అతను. "రెండు పేర్లు అనుకుని, చివరికి..."

"తాత లేడు, ఏం లేడు! అసలు పేరేందో చెప్పు!" అన్నాడు ఇర్షాద్, అతని మొహంలోకి మొహం పెట్టి. కళ్లు నవ్వుతున్నాయి. కానీ చూస్తున్నాయి.

తలుపు వైపు చూశాడు అతను. నాలుగడుగులు కూడా ఉండదు. కాదంటే ఇంకా తవ్వుతారు. ఇంకో ప్రశ్న, దాని కింద ఇంకొకటి. ఒప్పుకుంటే? ఒప్పుకుంటే ఇది ఆటే అవుతుంది.

"అవును," అన్నాడు. "నేను మురళీని కాను. మురళీ ఎప్పుడో పోయాడు. అతని పేరు తొడుక్కుని మీ మధ్య తిరుగుతున్నాను."

అలా ఎంత మెల్లగా అన్నాడంటే కాత్యాయని చేతుల మీద రోమాలు లేచి నిలబడ్డాయి. మరుక్షణం చప్పట్లు కొట్టింది. "అమ్మో! నిజంగానే హడలిపోయాను!"

"ఏం యాక్షన్ భాయ్! గోడౌన్‌లో పడి వేస్టయిపోతున్నావ్!" అని ఇర్షాద్ అతని భుజం మీద చరిచాడు. "ఖలాస్. తోసేసినాం. మేం గెలిచినాం."

అతనూ నవ్వాడు. మొహం తుడుచుకున్నాడు. ఛాతీలోకి గాలి వచ్చింది. ఇంతకాలానికి ఆ మాట బయటికి అని కూడా బతికే ఉన్నాడు. కాత్యాయని టీ పెట్టడానికి లేచింది.

శశాంక్ మాత్రం నవ్వకుండా అతనివైపే చూస్తూ, "కానీ మురళీ గారూ, ఉత్తి అనుమానంతోనే ఎలా కొట్టుకుంటారో చూద్దామని, ఈసారి నేను ముగ్గురికీ మనిషి చీటీలే వేశానే," అన్నాడు.