ఎలుక కొరికిన వైరు

“మాస్టారూ! ఇంత యాంటెనా పెట్టి వెళ్తే, మళ్ళీ చేత్తో పట్టుకుని నిలబడ్డారేంటి?”

పొడవు తగ్గించాల్సిన ప్యాంటు చంకలో పెట్టుకుని వెనక గది గుమ్మంలోనే ఆగిపోయాడు రేడియో మెకానిక్. టైలర్ మాస్టారు దొంగలా దొరికిపోయారు. గోడకు బిగించిన రేడియో పక్కన, చెయ్యి పైకెత్తి, విరిగిన ఏరియల్ మొదలు పట్టుకుని నిలబడి ఉన్నారాయన. పక్కనే మిషన్ ముందు ఆయన భార్య. ఎఫ్ఎంలో పాత పాట ఖంగుమని వినిపిస్తోంది.

మాస్టారు ఉలిక్కిపడి చెయ్యి తీసేశారు. పాట పోయి గరగర మొదలైంది.

మెకానిక్ ముఖం మాడిపోయింది. “నేను పెట్టిన యాంటెనాకి ఈ గరగరేంటి? నలుగురూ వింటే నా పరువేం కాను!”

“గాలికి కదిలి ఉంటుందిలేవయ్యా. దానంతటదే సర్దుకుంటుంది.”

“దానికేమైనా జలుబు చేసిందా, దానంతటదే తగ్గడానికి?”

“పోనీలే తమ్ముడూ, ముందు టీ తాగు. ప్యాంటు ఎంత తగ్గించాలో చెప్పు,” అంది మాస్టారి భార్య. ఆవిడ చేతిలో జిగ్‌జాగ్ కత్తెర బట్టను కోయకుండా నమిలేస్తోంది. అంచుల దారాలు ఊడిపోకుండా పళ్ళు పళ్ళుగా కోసే ఆ కత్తెరంటే ఆవిడకు ప్రాణం. కాగితానికి కూడా తగలనివ్వదు. మాస్టారిని సైతం ముట్టుకోనివ్వదు.

“పదును పోయిందా? పట్టించుకొస్తానుండు,” అన్నారు మాస్టారు.

“ఏమక్కర్లేదు,” అని ఆవిడ దాన్ని ఒళ్ళో పెట్టేసుకుంది.

మెకానిక్ టీ మాట వినిపించుకుంటేగా! అప్పటికే డాబా మెట్లెక్కుతున్నాడు. మాస్టారు వెనకే పరుగెత్తారు.

పరుగెత్తరా మరి? రోజంతా ఆయన ముందు గదిలో కటింగ్ బల్ల దగ్గర, ఆవిడ వెనక గదిలో మిషన్ మీద. “చేతులెంత?”, “ఆ కాలరేది?” తప్ప మాటల్లేవు. సాయంత్రం పాటల వేళ మాత్రం రేడియో పలకాలంటే ఎవరో ఒకరు ఏరియల్ పట్టుకుని నిలబడాలి. ఆ ఎవరో ఒకరు ఆయనే. ఆవిడ పళ్ళతో దారం తెంపుతూ కూనిరాగం తీసేది. ఒక్కోసారి తలెత్తి చూసి నవ్వేది. ఆ అరగంట కోసం ఆయన పొద్దున్నించీ కాచుకునేవారు.

“కాళ్ళు పీకుతున్నాయేమో, పైన యాంటెనా పెట్టించకూడదూ?” అని ఒకరోజు ఆవిడే అంది. ఈయన సరేనని తలూపారు. యాంటెనా వచ్చింది. పాట అద్దంలా వచ్చింది. వెనక గదిలో ఆయనకిక పని లేకుండా పోయింది. ఏ పనీ లేకుండా పెళ్ళాం పక్కన నిలబడాలంటే ఈ వయసులో సిగ్గాయె. ముందు గదిలో కూర్చుని గోడవతల నుంచి వినేవారు. పాట చెవిన పడుతూనే ఉండేది గానీ, ఆవిడ నవ్వు కనిపించేది కాదు. నెల రోజులు ఓర్చుకున్నారు. నిన్న మధ్యాహ్నం, రేడియో పెట్టే వేళ కాకముందే, ఆరేసిన బట్టలు తెస్తానని డాబా ఎక్కారు. జేబులో వైర్లు తెంపే కటింగ్ ప్లేయర్ ఉంది.

“తెగింది మాస్టారూ!” మెకానిక్ వైరు పైకెత్తి చూపించాడు. రిబ్బనులా చదునుగా ఉన్న వైరు నున్నగా తెగి ఉంది.

“ఎలుక కొరికిందేమో.”

“ఎలుకే. కటింగ్ ప్లేయర్ పట్టుకుని మెట్లెక్కిన ఎలుక.”

మాస్టారు తల దించుకున్నారు. “ఆవిడకు చెప్పకయ్యా. ఆ అరగంటా పక్కన ఉండాలనిపించి…”

“వెళ్ళి కూర్చుంటే కాదంటుందా అక్క?”

“ఏమని కూర్చోను? నేనక్కర్లేదనేగా యాంటెనా పెట్టించమంది!”

మెకానిక్ బుర్ర గోక్కున్నాడు. ఒకవైపు జాలి, ఇంకోవైపు పరువు. చివరికి పరువే నెగ్గింది. తెగిన కొసలు కలిపి, టేపు చుట్టి, “ఎలుక సంగతి నా కడుపులోనే ఉంటుంది లెండి,” అని భుజం తట్టాడు.

మాస్టారు కాళ్ళీడ్చుకుంటూ కిందికి దిగారు. ఇక రేపటి నుంచి మళ్ళీ గోడవతలే.

“అక్కా, ఇప్పుడు వినండి!” మెకానిక్ దర్జాగా రేడియో గొంతు పెంచాడు.

గరగర.

మాస్టారి ముఖం విప్పారింది. మెకానిక్ ముఖం ముడుచుకుపోయింది. కిటికీలోంచి లోపలికొచ్చిన వైరును వేలితో తడుముకుంటూ బయల్దేరాడు. అది బీరువా వెనక్కి వెళ్ళింది. అతనూ వెళ్ళాడు.

“అక్కడ చెయ్యి పెట్టకు తమ్ముడూ, అంతా బూజు!” మాస్టారి భార్య తలెత్తకుండానే అంది. మిషన్ ఉన్నట్టుండి వేగం అందుకుంది. సూదిలో దారం లేదని మాస్టారు గమనించారు. చెబుదామని నోరు తెరిచేలోగా, మెకానిక్ బీరువా వెనక నుంచి వైరు కొస బయటికి లాగి, వెలుతురుకెత్తి చూశాడు.

“మాస్టారూ,” అన్నాడు నవ్వాపుకుంటూ, “ఈ ఇంట్లో ఎలుకలు రెండున్నాయి.”

వైరు కొస పళ్ళు పళ్ళుగా కోసి ఉంది.