పావలా ముడుపు

"కత్తెర ఎక్కడుందండీ అత్తయ్యగారూ?"

బాల్కనీలో పీట మీద కూర్చుని కొత్తిమీర ఏరుతున్న బుచ్చమ్మ తలెత్తి చూసింది. కోడలి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చేతిలో ఫోను ఉంది.

"కత్తెర ఇప్పుడెందుకే కనకం?"

"దేవుడి దగ్గర కట్టిన ముడుపు విప్పేస్తానండీ."

బుచ్చమ్మ ఒళ్ళోని కొత్తిమీర కట్ట కాస్తా జారి కింద పడింది. మొక్కుకుని పసుపు గుడ్డలో బిళ్ళ మూటగట్టాక, కోరిక తీరితేనే ఆ ముడి విప్పాలి, విప్పి ఆ బిళ్ళను యాదగిరిగుట్ట హుండీలో వెయ్యాలి. అందాకా దాని మీద చెయ్యి పడకూడదు. మధ్యలో విప్పేస్తానన్న మనిషిని ఆ ఇంట్లో ఆవిడ ఇంతవరకు చూడలేదు.

"ఫలితాలు మళ్ళా వాయిదానా?"

"మళ్ళీనేనండీ. ఈసారి తేదీ కూడా చెప్పలేదు. ప్రభుత్వ టీచరు ఉద్యోగం వస్తుందని, చెబుతున్న ప్రైవేటు బడి మానేసి కూర్చున్నాను. రోజూ దీపం పెట్టి అడుగుతున్నాను. ఆయనకి వినబడట్లేదు."

"గట్ల అనకు బిడ్డా. జెర ఓపిక పట్టు. స్వామి సూస్తనే ఉంటడు. ఆయన పని ఆయన చేస్తనే ఉంటడు. మనకు కనవడదు, గంతే."

మామూలుగా అయితే కనకలక్ష్మి ఇక్కడ "సరేనండీ" అని గదిలోకి వెళ్ళి, తలుపు గడియ పెట్టుకుని ఏడ్చి, మొహం కడుక్కుని బయటికొచ్చేది. ఏమైందంటే "ఏమీ లేదండీ" అనేది. వాళ్ళది అనకాపల్లి వైపు నుంచి వచ్చి మల్కాజ్‌గిరిలో స్థిరపడ్డ కుటుంబం. పెళ్ళయి లాలాగూడ వచ్చిన నాటి నుంచి ఆ పిల్ల నోట 'అండీ' లేని మాట రాలేదు. "నేనేమన్న బ్యాంకు మేనేజర్నా, గన్ని అండీలు ఎందుకే?" అని బుచ్చమ్మ ఎన్నిసార్లు వేళాకోళం చేసినా నవ్వేసి, "అలాగేనండీ" అనేది. ఇక ఆవిడ మాత్రం ఏం చేస్తుంది?

ఇవాళ మాత్రం కోపం కట్టలు తెంచుకుంది. దాంతోపాటే పుట్టింటి యాసా తన్నుకొచ్చింది.

"నువ్వూరుకోమ్మా! నీకేటి తెలుసు నా బాధ! ఎన్నాళ్ళని సూస్తాడు? ఏటి సూస్తాడు?"

ఆ 'నువ్వు', ఆ 'అమ్మా' విని బుచ్చమ్మ కోడలి మొహంలోకి చూసింది.

కనకలక్ష్మి అదేమీ గమనించే స్థితిలో లేదు. విసవిసా లోపలికి నడిచి, దేవుడి అర ముందు నిలబడింది. కళ్ళనిండా నీళ్ళు. నరసింహస్వామి పటం పక్కన తడిమి, చేతికందిన మూటను ఒక్క లాగు లాగింది. కత్తెర లేకపోతేనేం, పళ్ళున్నాయిగా! ముడిని పంటితో పట్టి పీకేసింది.

బిళ్ళ నేల మీద ఖంగున పడి, దొర్లి, ఆ పిల్ల కాలి దగ్గరే ఆగింది.

ఖడ్గమృగం బొమ్మ ఉన్న పాత పావలా.

తను కట్టింది పది రూపాయల బిళ్ళ కదా! కళ్ళు తుడుచుకుని చూస్తే తన ముడుపు పచ్చగా మేకుకి వేలాడుతూనే ఉంది. చేతిలోది పటం వెనక దాగిన ఇంకెవరిదో. పసుపంతా వెలిసి గుడ్డ గోడ రంగులో కలిసిపోయింది.

ఇంకెవరిదవుతుంది, అత్తగారిదే! ఆవిడకున్న పెద్ద దిగులల్లా మామగారు సోమయ్య గుండె జబ్బే. నిరుడే స్టెంట్లు వేశారు. ఆయన వాకింగ్‌కి వెళ్ళాడు. ఇంకా రాలేదు.

"అమ్మా!" అంటూ బాల్కనీలోకి పరిగెత్తి, కొత్తిమీర మీదే కూలబడి, అత్తగారి ఒళ్ళో తల పెట్టేసింది. "నా చేతులు పడిపోనూ! నాదనుకుని నీ ముడుపు విప్పీసానమ్మా! మావయ్య గుండె కోసం కట్టావా? ఆయనకేటైనా అయితే నేను బతకను."

బుచ్చమ్మ పావలా అందుకుని అరచేతిలో పెట్టుకుని చూసింది. ఆవిడ కళ్ళు నిండడం చూసి కనకలక్ష్మి ఇంకా బెదిరిపోయింది.

"తిట్టమ్మా. కొట్టు. ఊరుకోకు."

"మీ మామకేమైతది? గుండ్రాయి లెక్కున్నడు. అగో, గేటు కాడ వాచ్‌మన్ జంగయ్యతోటి ముచ్చట పెడుతున్నడు, సూడు."

కనకలక్ష్మి కమ్మీల్లోంచి చూసింది. నిజమే. సోమయ్య చేతులు తిప్పుతూ ఏదో రాజకీయం మాట్లాడుతున్నాడు. ఆ పిల్లకి ఊపిరి వచ్చింది.

"మరి ఇది దేనికి కట్టావు? ఇప్పుడు మొక్కు చెడిపోయినట్టేనా?"

"చెడిపోలే. తీరింది. విప్పాలె అని నాకే యాదికి రాలే. ఆయనకు యాదికున్నది, నీ చేతితోని విప్పించిండు."

"తీరిందా? ఎప్పుడు?"

"గిప్పుడే, జెరసేపాయె." బుచ్చమ్మ కొంగుతో కోడలి కళ్ళూ ముక్కూ తుడిచింది. "నీదాన్ని మాత్రం ముట్టకు. ఆయన లేట్ చేస్తడు గని మర్చిపోడు."

"అసలు ఏం మొక్కుకున్నావమ్మా?"

బుచ్చమ్మ ఆ తలను మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంది.

"నీ మొగుడు నా కడుపుల ఉన్నప్పుడు కట్టిన," అంది, "ఆడపిల్లను ఇయ్యి సామీ అని."