వాటాదారు వేలిముద్ర

"నాది నత్తనడక చదువు, విసుక్కోకు నాయనా," అంటూ ఆమె కాగితం మీద వేలు జరిపింది. భర్త పోయాకే అక్షరాలు దిద్దింది.

మరిది ఆఫీసులో కేబుల్ చుట్ట మీద కూర్చుని నవ్వాడు. "అంతా చదవాలా వదినా? మన చిన్న ఇంటర్నెట్ కంపెనీలో పెద్ద కంపెనీ సగం వాటా కొంటోంది. మిగతా సగం మనదే. సంతకం పెడితే చాలు."

"చదవకుండా పెట్టొద్దని పంతులమ్మ మరీమరీ చెప్పింది."

జత చేసిన పాత పత్రంలో, వాటాదారుల పేర్ల దగ్గర వేలు ఆగింది. తన పేరు. నలభై శాతం. పక్కన వెలిసిపోయిన వేలిముద్ర.

"ఇదేంటి? ఆ రోజు ఆయన నాచేత వేలిముద్ర వేయించుకున్నది, మా అమ్మ ఇచ్చిన స్థలం తాకట్టు పెట్టడానికి కాదూ?"

"తాకట్టా? ఆ స్థలం జోలికే పోలేదు వదినా! అన్నయ్య తన వాటాలో సగం నీ పేర రాశాడు. చెప్పలేదా?"

"అదేం కాగితమని అడిగితే, 'చదువు నేర్చుకుని నువ్వే చూసుకో' అని నవ్వాడు. ఎగతాళి అనుకున్నాను. ఆయన పోయేదాకా, తొమ్మిదేళ్లు, నేనే మనసిచ్చి ఒక్క మాట మాట్లాడలేదు."

మరిది కలం ఆమె ముందుకు జరిపాడు.

ఆమె పాత ముద్ర మీద బొటనవేలు ఆనించింది. "చదివానయ్యా," అంది, భర్త కూర్చునే ఖాళీ కుర్చీ వైపు చూస్తూ.

తర్వాత కలం తీసుకుని పేరు రాసింది. వయసు అరవై రెండు. నివాసం దగ్గర ఎప్పటిలా "ఆయన ఆఫీసు" అని రాయబోయి ఆగింది. కళ్లు తుడుచుకుని, "మా ఆఫీసు మేడ మీద" అని రాసింది.